దగ్గుమందు సీసాలు మరల పంచవలెనా?



మన సంఘ కార్యవర్గము త్వరలో కూడనున్నది. చర్చకు రానున్న విషయములలో, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ పరిసరములందలి కూలివారి గుడిసెలలో దగ్గుమందు సీసాలను మరల ఉచితముగా పంచవలెనను ప్రతిపాదన యొకటి కలదు. దీనిని నేను వ్యతిరేకింపదలచితిని. మొదట ఈ ఆలోచన చేసినవాడను, చందా పోగుచేసినవాడను, సీసాలు కొని తెచ్చినవాడను నేనే. కనుక నా అభిప్రాయము మారుటకు గల కారణములను సభ్యులందరికి ముందుగా విన్నవించుకొనుట న్యాయమని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

2025 ఆగస్టు మాసమున జరిగిన సంగతి మీకు జ్ఞాపకముండును. బెంగళూరు జల్లులు విడువక కురియుచుండెను. అగర చెరువు వైపునను, సోమసుందరపాళ్య వైపునను కట్టుచున్న మేడల ప్రక్కన రేకుల గుడిసెలలో కాపురమున్న మనవారు, అనంతపురము నుండియు, కర్నూలు నుండియు, పాలమూరు నుండియు వచ్చినవారు, పగలు సిమెంటు దుమ్ము పీల్చి, రాత్రి తడి నేలపై పరుండి దగ్గుచుండిరి. పడిశము పది రోగముల పెట్టు అన్నారు పెద్దలు. మన సంఘము తరఫున అయిదు డజనుల సీసాలు కొని ఇంటికొకటి చొప్పున పంచితిమి. అందరు దీవించిరి. ఛాయాచిత్రము తీయించి ఈ పత్రికలోనే ప్రకటించుకొంటిమి.

నాలుగు దినముల పిమ్మట నేను చందా లెక్కల పనిపై ఆ వైపు పోయినపుడు ఒక గుడిసెలో మూడేండ్ల బిడ్డ మిట్టమధ్యాహ్నమున మత్తుగా పడియుండుట చూచితిని. "దగ్గు నిమ్మళించింది శెట్టిగారూ, మీ మందు మంచిది, బిడ్డ పొద్దుట్నుంచి లేవనే లేదు" అని ముసలమ్మ సంతోషముతో చెప్పెను. ఆమె ఆ మందును కూర వడ్డించు గరిటెతో పోసినది. అది పెద్దల మందు. ఆ బిడ్డను వెంటనే వైద్యునికి చూపించితిమి. సాయంకాలమునకు కోలుకొన్నది. ఆ ముసలమ్మను తప్పుపట్టుటకు నాకు నోరు రాలేదు. సీసా చేతికిచ్చి, ఎవరికి ఎంత పోయవలెనో చెప్పక వచ్చినవారము మేము.

ఆ పిమ్మట అక్టోబరు వచ్చెను. మధ్యప్రదేశములోని ఛింద్వాడా జిల్లాలో చిన్నబిడ్డలు ఒకరి తరువాత ఒకరు మూత్రపిండములు చెడి మరణించుచున్నారని పత్రికలలో చదివితిమి. మరణములు ఇరువదికి మించినవి. వారిలో పెక్కుమంది అయిదేండ్లు నిండనివారు. తమిళనాడులోని కాంచీపురము జిల్లాలో తయారైన 'కోల్డ్‌రిఫ్' అను దగ్గుమందు, ఎస్.ఆర్.-13 అను బ్యాచి, పరీక్షకు వచ్చినపుడు అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అను విషద్రవము నూటికి 48.6 పాళ్ళు ఉన్నట్లు తేలినది. ఉండదగిన హద్దు నూటికి 0.1 పాలు మాత్రమే. అనగా సీసాలో సుమారు సగము విషము. తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖవారు కూడ ఆ బ్యాచి మందును వాడవలదని అక్టోబరు ఆరంభమున ప్రజలను హెచ్చరించిరి.

ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను కిరాణా వ్యాపారిని. ఏ బస్తా బియ్యము ఏ మిల్లు నుండి వచ్చినది, ఏ దినమున విప్పితిని, ఎవరి ఖాతాలో వ్రాసితిని అని అడిగిన చెప్పగలను. కాని నా చేతితో పంచిన అరువది సీసాలలో ఏది ఎవరి యింట ఉన్నదో చెప్పజాలనైతిని. తెల్లవారి నలుగురము గుడిసె గుడిసెకు తిరిగితిమి. నలుబదియొక్క సీసాలు దొరికినవి. తక్కినవానిలో కొన్ని ఊరికి పోయినవి, కొన్ని ఇరుగుపొరుగులకు చేరినవి, కొన్నింటిపై చీటీ తడిసి ఊడిపోయినది. మనము పంచినది వేరొక కంపెనీ మందు. ఎవరికిని కీడు కలుగలేదు. కాని దానిని మన జాగ్రత్తగా చెప్పుకొనుటకు వీలులేదు, అదృష్టమనవలెను.

ఈ విషము దగ్గుమందులోనికి ఎట్లు వచ్చునని పలువురు అడుగుచున్నారు. మందును నీరుగా చేయుటకు గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ మున్నగు ద్రవములను వాడుదురు. మందులకు తగిన శుద్ధమైన సరకు ఖరీదు ఎక్కువ. పరిశ్రమలలో వాడు డైఇథిలీన్ గ్లైకాల్ చౌక. చూపునకు అదియు పలుచని తేనె వలె నుండును, రుచికి తీపి. కల్తీ సరకు పీపా లోనికి వచ్చినపుడు పరీక్ష చేయకపోయిన, అది సీసాలోనికి, సీసా నుండి బిడ్డ నోటిలోనికి పోవును. వాంతులు, కడుపునొప్పి మొదలై, మూత్రము తగ్గి, నిలిచిపోయి, మూత్రపిండములు పనిచేయుట మానును.

ఇది క్రొత్త సంగతియు కాదు. 1937లో అమెరికాలో 'ఎలిక్సిర్ సల్ఫానిలమైడ్' అను తీపి మందులో ఇదే విషము చేరి నూరుమందికి పైగా మరణించిరి. ఆ దుఃఖము నుండియే 1938లో ఆ దేశమువారు మందులను అమ్మకమునకు ముందు పరీక్షింపవలెనను చట్టము చేసికొనిరి. మన ప్రక్కనున్న మద్రాసులో 1972లో పిల్లలు ఇట్లే బలియైరి. 2020 ఆరంభమున జమ్మూలోని ఉధంపూరు జిల్లాలో బిడ్డలు పోయిరి. 2022లో ఆఫ్రికా ఖండములోని గాంబియా దేశమున అరువదిమందికి పైగా పిల్లలు మరణింపగా, ప్రపంచ ఆరోగ్య సంస్థవారు మన దేశమున తయారైన నాలుగు మందుల విషయమై హెచ్చరిక ప్రకటించిరి. దాదాపు తొంబది యేండ్లుగా ఒకే విషము, ఒకే విధమైన తీపి సీసా, ఒకే వయసు బిడ్డలు! తనిఖీ చేయవలసిన బాధ్యత ప్రభుత్వములది, తయారీదారులది. ఆ మాటను మనము గట్టిగా అడుగవలసినదే. కాని సీసా మూత విప్పు చేయి మనది గనుక మన బాధ్యతయు కొంత కలదు.

విషము లేని శుద్ధమైన మందు సంగతి చూతము. అదియు పంచదార పానకము కాదు. ఛింద్వాడా వార్తల పిమ్మట, 2025 అక్టోబరు 3వ తేదీన, కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య సేవల డైరెక్టరేటువారు రాష్ట్రములకు సలహా పంపిరి. రెండేండ్ల లోపు బిడ్డలకు దగ్గు జలుబు మందులు వ్రాయను గూడదు, ఈయను గూడదు. అయిదేండ్ల లోపువారికి సాధారణముగా అవి తగవు. కర్ణాటక ఆరోగ్య శాఖవారును రెండేండ్ల లోపువారి విషయమున ఇట్లే ఆదేశించిరి. అంతకు ముందే, 2023 డిసెంబరులో, క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందు చీటీపై నాలుగేండ్ల లోపువారికి వాడరాదని అచ్చువేయవలెనని కేంద్ర ఔషధ నియంత్రణాధికారి ఉత్తరువు చేసిరి. మనము గుడిసెలలో పంచునపుడు, ఇంట ఏ వయసు బిడ్డలున్నారని ఒక్కరినైన అడిగితిమా?

'దగ్గుమందు' అని మన మొకే పేరు పెట్టినను, అంగడి బల్లపైనున్న సీసాలు ఒక జాతివి కావు. డెక్స్‌ట్రోమెథార్ఫాన్ వంటివి దగ్గును అణచును. అవి పొడిదగ్గుకు. రొమ్ములో గళ్ళ నిండియున్నపుడు దగ్గు నణచుట, ఇంటిలో చెత్త ఉండగా వాకిలి మూయుట వంటిది. అంబ్రాక్సాల్, బ్రోమ్‌హెక్సిన్, గ్వైఫెనెసిన్ వంటివి గళ్ళను పలుచన చేయుటకు ఉద్దేశింపబడినవి. క్లోర్‌ఫెనిరమిన్ వంటివి తుమ్ములను, ముక్కు కారుటను తగ్గించును. కాని నిద్ర తెచ్చును. పరంజా ఎక్కి పనిచేయువాడు, ఆటో నడుపువాడు, రాత్రి కాపలా కాయువాడు దీనిని త్రాగి పనికి పోయిన ప్రమాదము. దానితో సారాయియు కలిసిన మత్తు రెండింతలగును, ఊపిరియు మందగింపవచ్చును. ఫినైలెఫ్రిన్ ముక్కు దిబ్బడకని కలుపుదురు. అది రక్తపుపోటు, గుండె జబ్బు గలవారికి మంచిది కాదు. పైగా, నోట పుచ్చుకొనిన ఫినైలెఫ్రిన్ ఉత్తుత్తి మాత్ర కంటె మేలు చేయుట లేదని 2023లో అమెరికా ప్రభుత్వ నిపుణుల సంఘము తేల్చినది. టెర్బ్యుటలిన్, సాల్బ్యుటమాల్ వంటివి కలిసిన సీసాలు గుండెదడ, చేతివణుకు కలిగింపవచ్చును. అవి వైద్యుడు చూచి వ్రాయవలసినవి.

ఇంకొక పొరపాటు మన యిండ్లలో తరచు జరుగుచున్నది. జలుబు మందులు కొన్నింటిలో పారాసెటమాల్ ముందే కలిసియుండును. జ్వరమునకని వేరుగా పారాసెటమాల్ బిళ్ళయు మ్రింగిన, తెలియకయే రెండు మోతాదులు లోపలికి పోవును. పెద్దవారికి దినమునకు నాలుగు గ్రాములు మించిన కాలేయము చెడును. రెండు సీసాల పేర్లు వేరైనను లోపలి సరకు ఒకటియే కావచ్చును. చీటీపై పెద్ద అక్షరములలోని పేరును గాక, చిన్న అక్షరములలోని సరకును చదువవలెను.

ఇక మనవంటి అన్యభాషా ప్రాంతవాసులకు ప్రత్యేకమైన చిక్కును గూర్చి వ్రాయుదును. చీటీ ఆంగ్లమున ఉండును. అంగడివాడు కన్నడమున చెప్పును. త్రాగువాడు తెలుగువాడు. ఈ మూడింటి నడుమ మోతాదు జారిపోవుచున్నది. కూలిపని చేయు ఒక తల్లి అంగడికి పోగా, అంగడివాడు "ఏను తొందరె?" అని అడిగెను. కన్నడమున తొందరె యన బాధ. ఆమె 'ఏమి తొందర?' అని అర్థము చేసికొని, నిజముగనే పనికి పోవు తొందరలో ఉన్నందున, "అవునన్నా, బిరీన ఇయ్యి" అనెను. అతడు సీసా యిచ్చి, "ఐదు ఎం.ఎల్., దినక్కె మూరు సల" అని చెప్పెను. దినమునకు మూడు మార్లు అని అతని భావము. 'ఐదు' రెండు భాషలకు సమానమైన మాట గనుక ఆమెకు అది యొక్కటే చెవినబడినది. దినమునకు అయిదు మార్లు త్రాగెను. ఇందు అంగడివాని దోషము లేదు, ఆమె తెలివితక్కువయు లేదు. నడుమ మాట చెప్పువారు లేకపోయిరి. అన్యభాషా ప్రాంతమున సంఘము పెట్టుకొనునది ఇట్టి సమయమున నడుమ నిలుచుటకే కదా!

మందుచీటీలు తెలుగున కూడ ఉండవలెనని సభ్యులు కొందరు కోరుచున్నారు. కోరదగినదే. కాని అది వచ్చువరకు బిడ్డల దగ్గు ఆగదు. మన మున్నది కన్నడనాట. ఈ నేల అన్నము తినుచు నాలుగు కన్నడ మాటలు నేర్చుట మనకు చిన్నతనము కాదు, రక్షణ. కెమ్ము అనగా దగ్గు. ఒణ కెమ్ము అనగా పొడిదగ్గు. కఫ అనగా గళ్ళ. ఎదె అనగా రొమ్ము. మగు అనగా బిడ్డ. ఉసిరాట అనగా ఊపిరి పీల్చుట. ఒమ్మె అనగా ఒకమారు. ఎరడు సల, మూరు సల అనగా రెండు మార్లు, మూడు మార్లు. ఊటద నంతర అనగా భోజనమైన పిమ్మట. ఈ మాటలు వచ్చిన తల్లి మోసపోదు, పొరబడదు.

"చెప్పుట సులభము. వైద్యుని యొద్దకు పోయిన పూట కూలి పోవును. సీసా యిచ్చిన వారికి ఆ రాత్రియైన నిద్ర పట్టును" అని కార్యవర్గములోని ఒక మిత్రుడు నాతో వాదించెను. అందు సత్యము కలదు. కూలివాని పూటకు గల విలువ నే నెరుగుదును. కాని సాధారణమైన జలుబుతో వచ్చిన దగ్గు మందున్నను లేకున్నను కొన్ని దినములలో తగ్గుముఖము పట్టును. పూర్తిగా పోవుటకు మూడు వారములైనను పట్టవచ్చును. అట్టిదానికి వేడినీరు, విశ్రాంతి, ఏడాది నిండిన బిడ్డకు పడుకొనునపుడు చెంచాడు తేనె చాలును. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకింపరాదు. అందుండు సూక్ష్మజీవి వలన పసిబిడ్డకు ప్రాణాపాయము కలుగవచ్చును. శొంఠి, మిరియాల కషాయము పెద్దలు త్రాగవచ్చును. మరుగు నీటి గిన్నెపై పిల్లలను వంచి ఆవిరి పట్టరాదు, ఒళ్ళు కాలును. కర్పూరము కలిసిన లేపనములు రెండేండ్ల లోపు బిడ్డలకు పూయరాదు.

సాధారణము కాని దగ్గుకు మన సీసా హానియే చేయును. ఏలయన, అది రోగిని వైద్యుని యొద్దకు పోనీయదు. రెండు వారములు మించిన దగ్గు క్షయ కావచ్చును. గళ్ళ పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితము. రామిప్రిల్, ఎనలాప్రిల్ వంటి రక్తపుపోటు మాత్రల వలన పొడిదగ్గు రావచ్చును. దానికి దగ్గుమందు పనిచేయదు, మాత్రను మార్చవలసినది వైద్యుడు. గళ్ళలో నెత్తురు, రొమ్మునొప్పి, ఆయాసము, పెదవులు నీలివన్నె తిరుగుట, ఊపిరి పీల్చునపుడు బిడ్డ డొక్కలు లోపలికి పోవుట, పాలు త్రాగకపోవుట, మందు త్రాగిన పిమ్మట వాంతులు పట్టుకొనుట, మూత్రము తగ్గుట, లేపిన లేవకుండుట - ఇందులో ఏ యొక్కటి కనిపించినను ఆలోచింపక 108కి ఫోను చేయవలెను, లేదా ఆసుపత్రికి తీసికొని పోవలెను. సీసాను వెంట తీసికొని పోవలెను.

కావున సంఘమువారికి నా మనవి యిది. సీసాలకు పోయు ధనమును వేరు విధమున వెచ్చింతము. మొదటిది, వానకాలమున రెండు వారముల కొకమారు ఆదివారము నాడు, కూలి చెడకుండ, ఒక వైద్యుని గుడిసెల యొద్దకు పిలిపింతము. మందు వ్రాయుట ఆయన పని. ఆయన వ్రాసినదానిని లైసెన్సు గల అంగడిలో బిల్లుతో కొనియిచ్చుట మన పని. బిల్లుపై బ్యాచి నెంబరు ఉండును. ఎవరికి ఏ బ్యాచి చేరినదో మన పుస్తకమున వ్రాసి యుంచుదము. రెండవది, ఇంటికొక కొలతగిన్నె నిత్తము. నా అంగడిలోని తూకపురాళ్ళకు ప్రభుత్వ ముద్ర లేనిచో జరిమానా వేయుదురు. శనగపప్పుకు గల కట్టుబాటు బిడ్డ మందుకు లేకుండుట సిగ్గుచేటు. ఇంటి చెంచాలు ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. అయిదు మిల్లీలీటర్లనగా గీత గల గిన్నెతో కొలిచిన అయిదే. మూడవది, పైన చెప్పిన కన్నడ మాటలు, ప్రమాద లక్షణములు తెలుగున అచ్చువేసి గుడిసెలలో చదివి వినిపింతము. చదువురానివారు పెక్కుమంది గనుక కరపత్రము చేతికిచ్చి వచ్చుట చాలదు.

ఇక ప్రతి యింటివారును పాటింపదగినవి కొన్ని కలవు. మందు కొనునపుడు వయస్సు, రక్తపుపోటు, చక్కెర వ్యాధి, గర్భము, వాడుచున్న ఇతర మందులు చెప్పవలెను. చీటీపై ఎర్రని నిలువు గీత యున్నచో అది వైద్యుని చీటీ లేనిదే కొనదగినది కాదు. తయారైన తేదీ, గడువు తేదీ, బ్యాచి నెంబరు చూడవలెను. వాడుక ముగియువరకు సీసాను, బిల్లును దాచవలెను. ఒకరికి వ్రాసిన మందు మరొకరికి పోయరాదు. ఊరి నుండి తెచ్చిన పాత సీసాను, నిరుడు మిగిలిన సీసాను వాడరాదు. బిడ్డలకు అందని చోట మూత బిగించి పెట్టవలెను. మందు వలన కీడు కలిగినదని తోచిన, 1800-180-3024 అను ఉచిత ఫోనుకు తెలుపవచ్చును. దేశమంతటి మందుల దుష్ఫలితములను లెక్కవ్రాయు ప్రభుత్వ కార్యక్రమమువారి నెంబరిది. మనము తెలిపిన ఒక్క కబురు మరియొక ఊరిలో ఒక బిడ్డను కాపాడవచ్చును.

సీసా పంచిన ఛాయాచిత్రము వచ్చును, దీవెనలు వచ్చును. వైద్యుని పిలిచి, ప్రక్కన కూర్చుండి, తెలుగును కన్నడమును కలిపి మాట చెప్పిన ఛాయాచిత్రము అంత అందముగా రాదు. అయినను ఆ మూడేండ్ల బిడ్డ మత్తుగా పడియున్న తీరు నా కన్నుల యెదుట నుండి పోలేదు. కార్యవర్గము ఏమి నిర్ణయించినను శిరసావహింతును. కాని సీసాలు పంచుటకే నిర్ణయమైనచో, వానిని పంచు చేయి నాది కాజాలదని వినయముతో తెలుపుకొనుచున్నాను. సభ్యులు, ముఖ్యముగా సోదరీమణులు, సమావేశమునకు తప్పక విచ్చేసి తమ అభిప్రాయమును చెప్పగోరుచున్నాను.